ముందు బ్రేకుకు అంటిన నూనె

2010 అక్టోబరులో, దసరా అయిన తరువాతి ఆదివారం ఉదయం, మౌలాలి అవతల ఒక రాళ్ల గుట్ట మీద రూత్ సైకిల్ ముందు బ్రేకు పట్టలేదు. గుట్ట నడుమ దారి కుడివైపు మెలి తిరిగే చోట, ఒక బండ పక్కన నేను నిలబడి ఉన్నాను. మొదట చప్పుడు వినిపించింది. రైలు ఆగబోయే ముందు చక్రాలు చేసే కీచు లాంటిది, కానీ సన్నగా, ఆగకుండా సాగింది. ఆ వెంటనే ఆమె నా ముందు నుంచి దూసుకుపోయింది. రెండు చేతుల వేళ్లూ బ్రేకు లివర్ల మీదే ఉన్నాయి, కానీ ఆ వాలులో వెనక బ్రేకు ఒక్కదానికే బండి ఆగదు. మలుపు తిరగడం కుదరదని తెలిసినట్టుంది, బండిని ఎడమకు, తంగేడు పొదల్లోకి పడేసింది. సైకిల్ ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు.

నేను వెళ్లేసరికి ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది. హెల్మెట్ నిండా తంగేడు పూలు. ముందుగా అన్న మాట ఇది: "లివర్ రాయి లెక్క గట్టిగుంది సార్. బండే ఆగలే."

అలవాటు కొద్దీ ఆ మాట రాసుకున్నాను. ఈ వ్యవహారమంతటిలో ముఖ్యమైన సాక్ష్యం అదేనని ఆ మధ్యాహ్నానికి గానీ అర్థం కాలేదు.

అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రికకు సికింద్రాబాద్ స్టాఫ్ రిపోర్టర్‌ని. బయటివాళ్లకు రిపోర్టర్లంతా ఒకటే అనిపిస్తుంది గానీ మాలో మెట్లు ఉండేవి. బస్తీ వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు కింద, స్టాఫ్ రిపోర్టర్లు మధ్యలో, బ్యూరో చీఫ్ పైన. మేము రాసినదాన్ని దిద్ది, కుదించి, శీర్షిక పెట్టేది డెస్క్. వార్త మాది, శీర్షిక వాళ్లది. చదివేవాడికి ముందు కనబడేది శీర్షికే కాబట్టి, తగాదాలు ఎక్కువగా అక్కడే వచ్చేవి.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక సిటీ పేజీల ఇన్‌చార్జి ఒక ఆదివారం ఐటెం అప్పజెప్పాడు. ఊరి చుట్టూ ఉన్న గుట్టల మీద నుంచి సైకిళ్లు దింపే కుర్రకారు మీద రాయాలి. ఎలా దిగుతారో అందరూ రాస్తారు, నువ్వు ఎలా ఆగుతారో రాయి, అన్నాడు. ఆ మాట వల్లే నేను బ్రేకుల వెంట పడ్డాను.

వెతుక్కుంటూ వెళితే రెజిమెంటల్ బజార్‌లో యాదగిరి దుకాణం తగిలింది. తండ్రి ముత్తయ్య నాటి సైకిళ్ల దుకాణం అది. పాలవాళ్లు, పేపర్ వేసేవాళ్లు వాడే నల్ల సైకిళ్లు ముందువైపు ఇంకా వేలాడుతూనే ఉండేవి. వెనక సగాన్ని యాదగిరి గేర్ల సైకిళ్లకు మార్చాడు. నలభై దాటిన మనిషి, మాటకారి. గుట్టలు దిగే జట్టు మొత్తం బళ్లు విప్పించుకునేది అతని దగ్గరే. ఆ జట్టులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల రూత్. పద్మారావు నగర్‌లో తల్లితో ఉండేది, ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేది. తల్లి సుగుణమ్మగారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, గుంటూరు వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం.

డౌన్‌హిల్ సైకిల్‌ను మొదటిసారి చూసినవాళ్లు దాన్ని ఇంజను లేని మోటార్‌సైకిల్ అనుకుంటారు. బరువుగా ఉంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, వెనక స్ప్రింగు జానెడు దాకా కుంగుతాయి. టైర్లు లావు. ఎక్కడానికి ఏమాత్రం పనికిరాదు, ట్రాలీ ఆటోలో వేసుకుని గుట్ట పైకి తీసుకెళ్లాలి. అది చేసే పని ఒక్కటే, దిగడం. రూత్ కొన్నది ఎవరో వాడి అమ్మిన బండి. ఫ్రేము గట్టిది గానీ బ్రేకులు పాతవి, తీగతో లాగే రకం, డిస్కులు చిన్నవి. ఏది ముందు మార్చాలన్న దాని మీద ఆమెకూ యాదగిరికీ వాదన నడుస్తుండగా నేను వెళ్లాను.

"ఫోర్కు మారిస్తె పరుపు మీద పోయినట్టు పోతవ్ రూతమ్మా," అంటున్నాడు యాదగిరి.

"పరుపు మీద పోయి బండకు గుద్దుకోవాల్నా యాదన్నా? ఫస్ట్ ఆగే సంగతి చూడు."

"నువ్వు ఆగుతవా ఎప్పుడన్న? ఆగేదానివైతె గీ బండెందుకు?"

"ఆగుతా అన్న ధైర్యం ఉంటేనే కదన్నా స్పీడు పోయేది."

ఈ ఆఖరి మాటను నా ఐటెంకు ఇంట్రోగా వాడుకోవాలని అక్కడే అనుకున్నాను. ఇంట్రో అంటే వార్త మొదటి పేరా, మిగతాదంతా దాని మీద ఆధారపడుతుంది.

బ్రేకే ముందు అని తేలాక, ఏ బ్రేకు అన్నది ఇంకో చర్చ. తీగ లాగే బ్రేకులో చేతి బలం దారిలోనే కొంత పోతుంది. గొట్టంలో నూనె ఒత్తిడితో పనిచేసే రకంలో ఒక్క వేలు చాలు, మిగతా వేళ్లు హ్యాండిల్ పట్టుకుని ఉంటాయి. రాళ్ల మీద దిగేటప్పుడు ఆ పట్టు ముఖ్యం. డిస్కు ఎంత పెద్దదైతే అంత బలంగా ఆపుతుంది, వేడీ తొందరగా వదులుతుంది. ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి ముందు చక్రానికి రెండు వందల మిల్లీమీటర్ల డిస్కు, వెనక నూట ఎనభైది చాలనుకున్నారు. ఫోర్కు అంత డిస్కుకు ఒప్పుకుంటుందో లేదో యాదగిరి ముందే చూశాడు. ఒప్పుకోని ఫోర్కుకు పెద్ద డిస్కు వేస్తే దాని కాలు వంగుతుందట.

ఇక డిస్కును రెండు వైపుల నుంచి నొక్కే ప్యాడ్లు. లోహపు పొడిని కుదించి చేసినవి వేడికి తట్టుకుంటాయి గానీ పట్టడానికి కాస్త సమయం తీసుకుంటాయి. రెజిన్‌తో చేసిన మెత్తనివి చల్లగా ఉన్నప్పటి నుంచే పడతాయి, ఎక్కువ వేడెక్కితే జారతాయి. హిమాలయాల్లో అయితే గట్టివే వేయించుకునేదాన్ననీ, మన గుట్టలు పొట్టివి, వేడెక్కేలోపే కింద ఉంటామనీ చెప్పి రూత్ మెత్తనివి ఎంచుకుంది.

ఇంకొకటి కూడా నాకు అప్పుడే తెలిసింది. బయటి దేశాల నుంచి వచ్చే సైకిళ్లలో చాలావాటికి ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. మనకు స్కూటర్ మీదా మోటార్‌సైకిల్ మీదా ముందు బ్రేకు కుడి చేతిదే. భయపడినప్పుడు చెయ్యి ఆలోచించదు, అలవాటైనదాన్నే నొక్కుతుంది. అందుకని రూత్ రెండు గొట్టాలనూ అటుదిటు మార్పించింది. అలా మార్చాలంటే గొట్టం విప్పాలి, నూనె మళ్లీ నింపాలి, లోపల గాలి బుడగ మిగలకుండా తీయాలి. గాలి మిగిలితే లివర్ స్పాంజిలా మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. యాదగిరి ఈ పని చేస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడలేదు. అతన్ని మాట్లాడకుండా చూసింది అదొక్కసారే.

పండుగకు ముందే పని అయిపోయింది. ఆయుధ పూజ రోజున నన్నూ పిలిచాడు. దుకాణంలో ఉన్న ప్రతి సైకిల్‌నూ పూజకు ముందు ముత్తయ్య స్వయంగా తుడవడం ఆ ఇంటి ఆనవాయితీ. ఏడాదంతా ఇంట్లో ఉండే పెద్దాయన ఆ ఒక్క రోజు దుకాణానికి వచ్చి, నువ్వుల నూనెలో తడిపిన గుడ్డతో హ్యాండిళ్లు, రిమ్ములు, ఊచలు మెరిసేలా తుడుస్తాడు. నల్ల సైకిళ్లకు అది మంచిదే, తుప్పు పట్టదు. ఆయన తుడిచాక యాదగిరి పసుపు, కుంకుమ పెడతాడు. రూత్ బండి కూడా ఆ వరసలోనే ఉంది, హ్యాండిల్‌కు బంతిపూల దండతో. మేమంతా కొబ్బరిముక్కలు తింటున్నాం. నేను అప్పుడు ముత్తయ్య చేతిని చూడలేదు, చూడాల్సిన కారణమూ లేదు.

ఆ వారంలోనే రూత్ బండి ఇంటికి తీసుకెళ్లింది. ఆదివారం గుట్ట మీద పడింది.

పడ్డాక ఆమెను జట్టువాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మణికట్టు ఎముక చిట్లింది. సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని నేను రెజిమెంటల్ బజార్ వచ్చాను. అప్పటికే జట్టులో మాట పుట్టింది. యాదగిరి గొట్టాలు మార్చాడు, గాలి సరిగ్గా తీయలేదు, నల్ల సైకిళ్లు బాగుచేసే చేతికి హైడ్రాలిక్ పని ఇవ్వడం మనదే తప్పు, ఇకనుంచి బంజారాహిల్స్ షోరూముకే పోదాం, అని. ఆటో చేరకముందే ఆ మాట దుకాణానికి చేరింది. యాదగిరి ముఖం చూస్తేనే తెలిసింది. ఆ జట్టు పోతే వెనక సగం మూసేయాల్సిందే. తండ్రి వద్దంటున్నా తెరిచిన సగం అది.

అతను లివర్ నొక్కి చూశాడు, గట్టిగానే ఉంది. నన్నూ నొక్కమన్నాడు, నాకూ గట్టిగానే తగిలింది. రూత్ అన్న మాట అప్పుడు చదివి వినిపించాను. యాదగిరి లివర్‌ను ఇంకోసారి నొక్కి చూశాడు.

"అంటే గాలి లేదు సార్. నా పని మంచిగనే ఉంది. ఒత్తిడి ప్యాడు దాక పోతుంది, ప్యాడే పడ్తలేదు."

చక్రం ఊడదీసి, ప్యాడ్లు బయటికి తీసి వేలితో రుద్దాడు. నల్లగా, జిడ్డుగా మెరుస్తున్నాయి. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ అంచులూ, వాటిని నెట్టే పిస్టన్ల చుట్టూ చూశాడు, పొడిగా ఉన్నాయి. అంటే బ్రేకు లోపలి నూనె కారలేదు. బయటి నుంచే ఏదో అంటింది. మెత్తని ప్యాడ్ నూనెను పీల్చుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఏదో కాస్త పడుతుంది, వేడెక్కగానే నూనె పైకి వచ్చి జారిపోతుంది. అలాంటప్పుడు బాగుచేసే మార్గం ప్యాడ్‌ను మంట మీద కాల్చి, గరుకు కాగితంతో రుద్దడం. పొగ వస్తే నూనె ఉన్నట్టు. అతను స్టవ్ వెలిగించి ప్యాడ్లను పట్టకారుతో మంట మీద పెట్టాడు. దట్టంగా పొగ లేచింది, దుకాణమంతా కాలిన రబ్బరు వాసన నిండింది.

"సూడుండ్రి సార్, మీరే సాక్ష్యం. నూనెనే," అన్నాడు. మరుక్షణం అతని ముఖం మళ్లీ వాడిపోయింది. తండ్రి గుడ్డ గుర్తొచ్చింది.

ముత్తయ్యను ఇంటి నుంచి పిలిపించారు. పెద్దాయన కంగారు పడలేదు.

"అన్నీ తుడిచిన. గదొక్కటి ఎందుకు ఇడుస్త? పండుగ పూట గది ఏం పాపం చేసింది?"

"డిస్కు జోలికి పోవద్దని పోరగాళ్లందరికి చెప్పిన నాయినా."

"నాకు చెప్పినవా?"

"నీకు ఎవరు చెప్తరు?"

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్ రా?"

ఆ పళ్లెం లాంటి దాన్ని తుడిచావా అని డిస్కు చూపించి యాదగిరి మళ్లీ అడిగాడు. తుడిచే ఉంటాను గానీ ఈ చక్రమో ఆ చక్రమో చెప్పలేనన్నాడు ముత్తయ్య. అన్ని సైకిళ్లలో గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. తండ్రి వెళ్లిపోయాక యాదగిరి నన్ను గుమ్మం దాకా సాగనంపాడు.

"రాయుండ్రి సార్, తప్పు మా దుకాణందే అని రాయుండ్రి. జెర గుడ్డది అని రాయుండ్రి, బ్రేకు బిగించిన చేతిది అని మాత్రం రాయకుండ్రి."

అంతవరకూ వార్త తేలిగ్గానే ఉంది. కారణం తెలిసింది, ఒప్పుకున్న మనిషి ఉన్నాడు. మర్నాడు రూత్‌ను చూడ్డానికి పద్మారావు నగర్ వెళ్లడం ఆనవాయితీ ప్రకారం చేసిన పనే. మాలో దాన్ని రెండో వైపు వినడం అంటారు. గాయపడిన మనిషి మాట లేకుండా ఐటెం డెస్క్‌కు పోకూడదు.

రూత్ చేతికి కట్టుతో సోఫాలో కూర్చుని ఉంది. నేను యాదగిరి చెప్పింది చెప్పాను. గుడ్డ సంగతి వింటూనే సుగుణమ్మగారు వంటింట్లో నుంచి బయటికి వచ్చారు.

"ఏవండీ, ఆ కొట్టాయన మీద మాత్రం రాయకండి. అది నేనేనండి."

బండి ఇంటికి వచ్చిన తరువాత, శనివారం సాయంత్రం, తెలిసిన పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించారట. కూతురు ఆ సమయానికి ఆఫీసులో ఉంది. పాస్టరుగారు ఆలివ్ నూనె తెచ్చి హ్యాండిల్ మీద వేలితో రాశారు. ఆయన వెళ్లాక సీసాలో మిగిలిన నూనెను సుగుణమ్మగారే చక్రానికి కూడా రాశారు.

"నడిచేది చక్రమే కదండీ, దానికి లేకుండా హ్యాండిల్‌కి మాత్రం ఎందుకని," అన్నారు.

"ఎక్కడ రాశావమ్మా? టైరుకా, డిస్కుకా?" అని రూత్ అడిగింది.

"మెరుస్తా ఉన్నచోట రాశానే. కళ్లద్దాలు పెట్టుకోలేదు."

రూత్ నవ్వు ఆపుకోలేక, కట్టున్న చెయ్యి నొప్పెట్టి, మళ్లీ నవ్వింది. "రెండు దిక్కుల నుంచి దీవెన పడ్డది సార్ నా బ్రేకుకి. ఇంకెట్ల పడ్తది?"

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది. దుకాణం నుంచి ఇంటికి బండి నడిపి తెచ్చినప్పుడు బ్రేకు పట్టిందా? పట్టి ఉంటే నూనె తరువాత అంటినట్టు, అంటే తల్లిది. పట్టకపోతే దుకాణంలోనే అంటినట్టు. రూత్ కొంచెం పట్టిందనీ, కొంచెం పట్టలేదనీ చెప్పింది. కొత్త ప్యాడ్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి. కొన్నిసార్లు వేగంగా పోయి బ్రేకు వేస్తూ వాటిని డిస్కుకు అలవాటు చేస్తేగానీ పూర్తిగా పట్టవు. రెజిమెంటల్ బజార్ నుంచి పద్మారావు నగర్ దాకా పండుగ రద్దీలో అంత వేగమే దొరకలేదు. ఆదివారం గుట్ట కింద కాసేపు అలవాటు చేసింది, అప్పుడు కీచుమంటే దుమ్మనుకుంది.

ప్యాడ్లు ఉంటే వాసన బట్టయినా చెప్పవచ్చేమోనని నేను అన్నాను. కానీ అవి ముందు రోజే స్టవ్ మీద కాలిపోయాయి. అప్పటికి రెండో నూనె సంగతి మాలో ఎవరికీ తెలియదు.

డెస్క్ ఇన్‌చార్జికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొదట శీర్షిక చెప్పాడు, పూజ పడేసిందన్న అర్థంలో. ప్రార్థన కూడా ఉంది కదా అంటే, రెండూ పెడితే చదివేవాడికి తికమక, ఏదో ఒకటి తీసెయ్, అన్నాడు. ఏది తీసినా రెండోది నేరమవుతుందనీ, దాన్ని నేను చూడలేదనీ చెప్పాను. మతం పేరుతో, ప్రాంతం పేరుతో ఊరు ఉడికిన ఆ ఏడాది అలాంటి శీర్షిక ఎంత దూరం పోతుందో మా ఇద్దరికీ తెలుసు. అయితే ఏం రాద్దామంటావు, అన్నాడాయన.

ఆ తరువాతి ఆదివారం వచ్చిన ఐటెంలో ప్రమాదం గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. ముందు బ్రేకు ప్యాడ్‌కు నూనె అంటడం వల్ల బండి ఆగలేదు, బ్రేకు అమర్చిన తీరులో లోపం కనబడలేదు. నూనె ఎలా అంటిందో తెలియలేదు. పక్కనే ఒక బాక్స్ పెట్టాం, అంటే గీతలు గీసి విడిగా ఇచ్చే చిన్న అంశం. డిస్కు బ్రేకు ఉన్న ఏ బండికైనా, అది సైకిలైనా మోటార్‌సైకిలైనా, డిస్కు దగ్గర నూనె, పసుపు, మెరుగు పెట్టే స్ప్రే ఏవీ తగలనివ్వకండి, పొరపాటున తగిలితే బండి కదిలించకుండా ప్యాడ్లు చూపించండి, అని. అసలు ఐటెం కంటే ఆ బాక్సే ఎక్కువమంది చదివారు. సీతాఫల్‌మండిలో ఒక మోటార్‌సైకిల్ మెకానిక్ దాన్ని కత్తిరించి గోడకు అంటించడం తరువాత చూశాను.

అమర్చిన తీరులో లోపం కనబడలేదన్న వాక్యం యాదగిరికి కావలసిన పని చేసింది, పూర్తిగా కాదు. జట్టులో కొందరు బంజారాహిల్స్‌కు పోయారు, తిరిగి రాలేదు. కట్టు విప్పగానే రూత్ మాత్రం కొత్త ప్యాడ్లు అతని చేతే వేయించుకుంది. ఈసారి గట్టి రకం. నిలబడి చూస్తున్న కుర్రాళ్లకు వినబడేలా, "యాదన్నా, ఈసారి తాతకి దీని మొఖం సుత చూపించకు," అంది. దుకాణం వెనక సగం తెరిచే ఉంది, నేను రిటైరయ్యేదాకా చూసినంతవరకు. దసరాకు ముత్తయ్య వచ్చి తుడుస్తూనే ఉన్నాడు, కాకపోతే ముందుగా డిస్కులన్నిటికీ పాత పేపరు చుట్టేవారు. సుగుణమ్మగారు సీటు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారని రూత్ చెప్పింది.

ఈ ఐటెం నేర్పింది ఒకటే. ఒక మనిషి తప్పు తనదని ఒప్పుకున్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు. ఒప్పుకోవడానికి మనుషులకు తప్పు కాక వేరే కారణాలు ఉంటాయి, పక్కవాణ్ని కాపాడుకోవడం వాటిలో ఒకటి. రెండో వైపు వినకపోయి ఉంటే మొదటి ఒప్పుకోలునే అచ్చు వేసేవాళ్లం. విన్నాక రెండూ వేయలేకపోయాం. తెలియలేదు అన్న మాటకు పేపర్లో చోటు అడగడం రిపోర్టర్‌కు కష్టమైన పని, ఎందుకంటే డెస్క్ దాన్ని పని చేయకపోవడం కింద లెక్కిస్తుంది.

ఆ ప్యాడ్ల వెనక ఉండే లోహపు పలకలు మాత్రం యాదగిరి దాచిపెట్టాడు. ఎవరైనా అడిగితే చూపించేవాడు. మసి పట్టి ఉన్నాయి. వాటికి అంటినది ముత్తయ్య గుడ్డలోని నువ్వుల నూనో, సుగుణమ్మగారి వేలిమీది ఆలివ్ నూనో, ఇంతవరకూ తేలలేదు.